ఉలవల రోడ్డు మీద పికప్పు డ్యూటీ

నిప్పు మీద బండి తోలిన మనిషిని మీరెవరూ చూసి ఉండరు. నన్ను చూడండి. బండి కింద మంట. వెనక తొట్టిలో టన్ను ఇసుక. చుట్టూ అగ్గిపుల్ల గీస్తే చాలు అన్నంత ఎండిన ఉలవ కట్టె. నా కాలు బ్రేకు మీదికి పోలేదు. ఆపి ఉంటే ఒక ఆడమనిషి ఏడాది తిండి అక్కడే బూడిదయ్యేది. అదే గేరులో, అదే వేగంతో, మంటను కింద పెట్టుకొని ఆ కట్టె దాటించి నల్లరోడ్డు మీదికి తెచ్చాను.

ఈ మాట ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లలో, టీ అంగళ్లలో, బస్సుల్లో పక్క సీటు వాళ్లకు చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఆ మంట జానెడు పెరిగింది. పోయిన ఏడు చెప్పినప్పుడు అది బండి అద్దాల దాకా లేచింది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అయినా మొదలు మాత్రం మార్చను. నేను నిప్పు మీద బండి తోలాను.

పట్టాలంలో నేను డ్రైవరు హవల్దారును. మంచు కొండల్లో తోలాను, ఎడారిలో తోలాను. ఆ కథలు చెప్పేవాళ్లు మండలానికి పదిమంది ఉన్నారు. నాకు దొరికిన డ్యూటీ మాత్రం వాళ్లలో ఒక్కడికీ దొరకలేదు. నా పోస్టింగు పెనుకొండ. నవ్వకండి. చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటాక ఒక జనవరి. తెల్లవారి ఐదు గంటలకు ధర్మవరం జంక్షన్‌లో దిగాం. పొగమంచు. ప్లాట్‌ఫారం మీద దుప్పట్ల కింద మనుషులో మూటలో తెలియని ఆకారాలు. మేం ముగ్గురం. ఒకరు కెప్టెన్ సాబు, ఉత్తరాది మనిషి, ముప్పై దాటలేదు, ఇంజనీరు. రెండోవాడు మెకానిక్కు, నాలాగే హవల్దారు, మడకశిర వాడు, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించే రకం. మూడో వాణ్ని నేను. ఒక్కొక్కరికి ఒక కిట్ బ్యాగు, రెండు కంబళ్లు, ఒక నీళ్ల సీసా. అందరికీ కలిపి మూడు వైర్‌లెస్ సెట్లు, ఒక పాత జీపు, ఒక గుడారం. ఇంకా గూడ్సు బండి మీద, టార్పాలిన్ కింద, కొత్త పెళ్లికూతురిలాగా ఒక వాహనం.

టార్పాలిన్ తీసేసరికి తెల్లారింది. ముందు సగం కారు. నాలుగు తలుపులు, ఐదుగురు కూర్చునే మెత్తటి సీట్లు. వెనక సగం లారీ తొట్టి. నడుమెత్తు చక్రాలు. ఇరుపక్కలా పెండ్లి పళ్లేలంత అద్దాలు. కంపెనీ పేరు చెప్పను, వాళ్లు నాకేమీ ఇవ్వలేదు.

కెప్టెన్ సాబు ఆర్డరు ఆ ప్లాట్‌ఫారం మీదే చదివాడు. ఈ పికప్పును సైన్యం తీసుకోవచ్చా లేదా చూడాలి. కొండ, గుండు, ఇసుక, దుమ్ము అన్నీ ఒక్కచోట ఉన్న జాగా ఇది. అందుకే ఈ ప్రాంతం భాష వచ్చిన ఇద్దరిని ఏరి తెచ్చారు. తొట్టిలో బరువుకు టన్ను ఇసుక మూటలు వేసుకొని రోజూ హిందూపురం నుంచి పెనుకొండ, అక్కడి నుంచి బుక్కపట్నం చెరువు మీదుగా ధర్మవరం, మళ్లీ వెనక్కి. దారిలో ఆపకూడదు. ఆగితే బండి ఆగినట్టు రాస్తారు. బయటి మనుషులను ఎక్కించుకోకూడదు. సొంత ఊళ్లకు పోకూడదు. చివరి మాట చదివేటప్పుడు ఆయన మా ఇద్దరి ముఖాలూ చూశాడు. మేం ఆకాశం చూశాం.

పెనుకొండ కొండ కింద గుడారం వేశాం. కొండ మీద చిరుతలు ఉన్నాయనీ, రాత్రి దిగి వచ్చి బూట్లు ఎత్తుకుపోతాయనీ కెప్టెన్ సాబుకు చెప్పాను. చిరుతలు ఉన్న మాట నిజం. బూట్ల మాట నాది. ఆయన ఉన్నన్నాళ్లూ బూట్లు దిండు కింద పెట్టుకొని పడుకున్నాడు.

ఇక ఆ బండి సుఖం గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు.

అంతవరకు నేను తోలింది మూడు టన్నుల లారీ. దాని ఇంజను డ్రైవరు మోకాలి పక్కనే ఉంటుంది. చలికాలం అదే కుంపటి, ఎండాకాలం అదే నరకం. సీటంటే ఒక పలక, దాని మీద నాలుగు మడతలు వేసిన కంబళి. స్టీరింగు తిప్పాలంటే కూర్చుంటే చాలదు, లేవాలి. చక్రం ఒక రాయి ఎక్కితే ఆ రాయి ఎంత పెద్దదో, ఏ రంగో కూడా మన వెన్నుపూస చెబుతుంది. పదహారేళ్లు అట్లా తోలాక నా నడుము సగం ఆ లారీకే రాసిచ్చేశాను. పొద్దున లేస్తే బూటు లేసు కట్టుకోవడానికి వంగలేను. ఈ సంగతి పై అధికారులకు తెలిస్తే డ్రైవరు పని నుంచి తీసేస్తారు. అందుకని గోడకు కాలు ఆనించి, ఏదో వ్యాయామం చేస్తున్నట్టు నటిస్తూ లేసు కట్టేవాణ్ని.

ఈ పికప్పు స్టీరింగు ఒక్క వేలితో తిరిగింది. సీటు ముందుకు జరిగింది, వెనక్కి వాలింది, నడుము దగ్గర చిన్న దిండులాగా ఉబ్బి పట్టుకుంది. అద్దాలు ఎత్తి ఏసీ వేస్తే లోపల ఒక గది. బయట లోకం మొత్తం మూగదైపోయింది. చెరువు కట్ట మీద గుంతల్లో పోతుంటే బండి ఊగింది గానీ నేను ఊగలేదు. కెప్టెన్ సాబుకు సుఖం కొలిచే పద్ధతి ఒకటి ఉండేది. డ్రైవరు దిగగానే నిటారుగా నిలబడి, వంగి బూటు కొన ముట్టుకోవాలి. వేళ్లకూ బూటుకూ మధ్య ఎంత ఎడం ఉందో ఆయన చూసి రాసుకునేవాడు. మొదటి రోజు నా వేళ్లు మోకాలు దాటలేదు. వారం తిరిగేసరికి లేసు అందింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కెప్టెన్ సాబు నొప్పి అనుకున్నాడు.

హిందూపురంలో బండి నెమ్మదించిందంటే చాలు, జనం. చింతపండు మండీ దగ్గర ఒక పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, తొట్టి మీద అరచేత్తో కొట్టి అడిగాడు.

"ముందర కారు, యెనక లారీ. ఇదేం జాతప్పా?"

"మిలిటరీ జాతి," అన్నాను.

"దుడ్లు ఎంతయితాదో?"

"ఇది అమ్మరు. గెలిస్తే ఇస్తారు."

"అట్లయితే ఎవురితో కొట్లాడాలో సెప్పు, ఇప్పుడే పోదాం," అన్నాడు ఆయన.

బండిలో తప్పు వెతకడమే మా పని. వెతికాం. పెనుకొండ కొండ దారిలో రాళ్ల మీద ఎక్కించాం. చిత్రావతి ఇసుకలో దింపాం, నాలుగు చక్రాల గేరు వేసి బయటికి తెచ్చాం. పొద్దున చలికి తాళం తిప్పితే ఒక్క తిప్పుకే లేచేది. మెకానిక్కు దాని కింద పడుకొని స్పానరుతో అక్కడా ఇక్కడా తట్టి విసుక్కునేవాడు.

"ఏమప్పా, ఇది సెడిపోదా? నా సేతికి పనే లేదు. ఇట్లయితే నన్ను ఇంటికి పంపిస్తారు."

ఇక మా అక్క.

మా అక్క ఆదెమ్మ నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. బుక్కపట్నం చెరువు దాటి ధర్మవరం దిక్కు తిరిగితే రోడ్డు పక్కనే వాళ్ల ఊరు. మా రోజువారీ దారి సరిగ్గా ఆమె ఇంటి ముందర నుంచే. ఆపకూడదు. అందుకని మొదటి రోజు హారను కొట్టాను. ఆమె బయటికి వచ్చి చూసి, నన్ను గుర్తుపట్టి, చెయ్యెత్తింది. నేను ఆపలేదు. రెండో రోజు చెయ్యెత్తలేదు, నడుం మీద పెట్టుకొని నిలబడింది. మూడో రోజు మట్టిపెడ్డ ఒకటి వచ్చి తొట్టికి తగిలింది. జీపులో వెనక వస్తున్న మెకానిక్కు వైర్‌లెస్‌లో అన్నాడు.

"వన్, ఇది టూ. శత్రువు కాల్పులు మొదలుపెట్టినాడు. ఓవర్."

"టూ, అది శత్రువు కాదు, మా అక్క. ఓవర్."

"అయితే ఇంగా ప్రమాదం. ఓవర్."

ఆ ఏడు వాళ్లకు శెనక్కాయ పోయింది. వానలు లేక మూడేళ్లుగా పోతూనే ఉంది. ఎద్దులను ముందే అమ్మేశారు. మా బావ గొర్రెలను తోలుకొని నీళ్లూ గడ్డీ ఉన్న తావులకు, నెల్లూరు దిక్కు పోయాడు. చివర్న కురిసిన ఒక్క పదును వానకు అక్క ఉలవలు చల్లింది. అవి మాత్రం వచ్చాయి. ఆ ఉలవలే ఆ ఏడాదికి ఇంటి తిండి, మరుసటి ఏటికి విత్తనం, కొట్టంలో ఉన్న ఒక్క పాడి ఎనుముకు దాణా. వేరే ఏమీ లేదు.

మా వైపు ఉలవలు ఎట్లా నూరుస్తారో తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఎద్దులూ, అవి లాగే రాతి గుండూ ఉన్నప్పుడు కళ్లంలో నూర్చేవాళ్లు. ఎద్దులు పోయాక తారు రోడ్డే కళ్లం. కాయలతో సహా కోసి ఎండబెట్టిన తీగలను, అంటే కట్టెను, రోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ దాని మీద పోతాయి, కాయలు పగిలి గింజలు రాలతాయి. సాయంత్రం కట్టె తీసి, గింజలు ఊడ్చి, గాలికి తూర్పార పడతారు. ఖర్చు లేదు. డ్రైవర్లు తిట్టుకుంటారు, అంతే.

ఆ రోజు బంద్. ఎందుకో గుర్తు లేదు. మా వైపు ఒక్కోసారి బంద్ చేసేవాళ్లకే గుర్తుండదు. బస్సుల్లేవు, లారీల్లేవు, ఆటోల్లేవు. పట్టాలానికి బంద్ లేదు కాబట్టి మేం మామూలుగానే బయల్దేరాం. కెప్టెన్ సాబు ముందే రైల్వేవాళ్లతో మాట్లాడటానికి ధర్మవరం పోయాడు. మధ్యాహ్నం పన్నెండుకు చెరువు కట్ట దాటాను. జనవరిలో రాకూడని వాన మోడం తూర్పున లేచి ఉంది. నల్లగా, ఎనుము వీపులాగా. గాలి ఆగిపోయింది.

మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు. అంతా ఉలవ కట్టె. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మోకాలెత్తు, అరఫర్లాంగు పొడవున. నడుమ మా అక్క, పక్కింటి మేరమ్మ. ఇద్దరి చేతుల్లో కర్రలు.

అద్దం దించాను. "అక్కా, ఆపకూడదు. ఆర్డరు."

"ఎవురు ఆపమన్న్యారు? పో. దీని మీదనే పో. రోంత మెల్లగా పో."

"ఇది ప్రభుత్వం బండి."

"రోడ్డు గూడా ప్రెబుత్వానిదే. పొద్దున్నించి ఈ దావన ఒగ సైకిలు పోయింది. సైకిలు తోటి ఉలవలు నూరుస్తారా ఎవురైనా? మోడం సూడు. పొద్దు గూకేలోపల వాన వస్తాది. తడిసినాయంటే కట్టెలోనే మొలుస్తాయి. గుండు ఈడ్సేదానికి నేనూ మేరమ్మా మెడ పెట్టాల్నా?"

మేరమ్మ అందుకుంది. "ఊరికే ఉండు ఆదెమ్మక్కా. మిలిట్రీ బండంట. ఉలవల మీద పోల్యాకపాయ, యుద్ధానికి పోతాదంట."

వెనక జీపులోంచి మెకానిక్కు దిగి వచ్చాడు. మోడం చూశాడు, కట్టె చూశాడు, నన్ను చూశాడు.

"ఆపకూడదని ఆర్డరు ఉండాదా?"

"ఉండాది."

"ఎనిక్కి తిప్పకూడదని ఉండాదా?"

"లేదు."

"మరి ఇంగేమి? నేను ముందర మోరీ కాడ కాపలా ఉంటా. దొర జాడ కనపడితే వైర్‌లెస్‌లో సెప్తా," అని జీపును కట్టె అంచు మీదనే మెల్లగా పోనిచ్చి రెండు మైళ్లు ముందుకు వెళ్లిపోయాడు. అట్లా ఆ ఆపరేషన్ మొదలైంది.

ఎంత ఉత్సాహమో! మొదటిసారి పోతుంటే కింద కాయలు పటపటమన్నాయి. అద్దం దించి ఉన్నాను కాబట్టి వినపడింది. చివరికి పోయి తిప్పుకొని వచ్చాను. అక్క వంగి గుప్పెడు తీసి చూసి గట్టిగా కేక వేసింది. "రాల్తాండాయి రా! రాల్తాండాయి!" మేరమ్మ కర్రతో కట్టెను తిరగేస్తోంది. మళ్లీ పోయాను. మళ్లీ వచ్చాను. టన్ను ఇసుక తొట్టిలో ఉంది కదా, బండి గుండులాగానే నూరింది, కానీ లోపల నాకు మాత్రం పరుపు మీద పోయినట్టే ఉంది. పదహారేళ్లు సామాన్లు మోశాను, తూటాలు మోశాను, మనుషులను మోశాను. ఒక పని నా కళ్ల ముందే గింజ గింజగా రాలడం అదే మొదలు.

దుమ్ము లేచి దగ్గొచ్చింది. అద్దాలు ఎత్తేశాను. ఏసీ వేశాను. కెప్టెన్ సాబు మధ్యలో పిలిస్తే ఏం చెప్పాలో తెలియక వైర్‌లెస్ కూడా ఆపేశాను. దాంతో మెకానిక్కు కాపలా కాస్తున్నదానికి అర్థమే పోయింది. అది అప్పుడు తట్టలేదు.

నాలుగోసారి చివరి దాకా పోయాక ఇక తిప్పలేదు. ఆలస్యమైంది. కట్టె దాటి నల్లరోడ్డు ఎక్కాను. ఎక్కుతూ ఆ పెద్ద అద్దంలో చూశాను. వెనక రోడ్డు నడుమ మా అక్కా మేరమ్మా. ఇద్దరి చేతుల్లో గోనె సంచులు. తలల పైకెత్తి ఊపుతున్నారు. ఎత్తుతున్నారు, దించుతున్నారు. అక్క జుట్టు విడిపోయింది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది. చుట్టూ పొట్టు దుమ్ము పొగలాగా లేస్తోంది. ఆమె నన్ను అంత సంతోషంగా సాగనంపింది ఎప్పుడూ లేదు. పట్టాలంలో చేరడానికి పోయిన రోజు కూడా ముఖం తిప్పుకొని కసువు ఊడ్చిన మనిషి. మూడుసార్లు హారను కొట్టి ముందుకు సాగిపోయాను.

మోరీ వంతెన దగ్గర మెకానిక్కు రోడ్డుకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. వీడు కూడా సంతోషంతోనే అనుకున్నాను.

"దిగప్పా! నీ కింద పొయ్యి మండుతాండాది!"

దిగి వంగి చూశాను. ఉలవ తీగలు చక్రాలు తిప్పే ఇరుసుకు తాళ్లలాగా చుట్టుకొని, పొగగొట్టానికి ఆనుకొని కాలుతున్నాయి. మెకానిక్కు అప్పటికే ఒక ఇసుక మూట చించి కిందికి గుమ్మరిస్తున్నాడు. ఇద్దరం చేతులతో ఇసుక చల్లాం. ఆరింది. వాడు కత్తితో తీగలన్నీ కోసి లాగాడు. తాళం తిప్పితే ఒక్క తిప్పుకే లేచింది. ఏమీ జరగనట్టు గుర్రుమంది.

ఇక్కడ ఆగి ఒక మాట ఒప్పుకోవాలి. మంట అద్దాల దాకా లేదు. అరచేయంత. అదీ గాలికి లేస్తూ పడుతూ. అసలు సంగతి అది కూడా కాదు. మంట ఉందని నాకు తెలియదు. లారీ అయి ఉంటే మొదటి పొగకే ముక్కు చెప్పేది, పాదాలు కాలేవి, ఆ శబ్దం తేడా వెన్నుకు తెలిసేది. ఈ బండిలో చల్లగా, మెత్తగా, వాసన లేకుండా, చప్పుడు లేకుండా, రాజాలాగా కూర్చొని నిప్పు మీద రెండు మైళ్లు వచ్చాను. ధైర్యం నాది కాదు, ఏసీది. అయినా కట్టె మీద ఆపకపోవడం వల్లే కదా అక్క ఉలవలు దక్కాయి! తెలిసి చేసినా తెలియక చేసినా మేలు మేలే. అట్లా సమాధానం చెప్పుకున్నాను. ఇన్నేళ్లూ చెప్పుకుంటూనే ఉన్నాను.

ధర్మవరం చేరేసరికి వాన మొదలైంది. కెప్టెన్ సాబు గొడుగు పట్టుకొని బండి కిందికి వంగాడు. కోయగా మిగిలిన ఒక తీగను రెండు వేళ్లతో పట్టి లాగాడు.

"యే క్యా హై, హవల్దార్?"

"గుర్రాల దాణా, సార్."

"మనకు గుర్రాలు లేవు కదా?" అన్నాడు హిందీలో.

నేను నోరు తెరిచేలోపల మెకానిక్కు సెల్యూట్ కొట్టాడు. ఈ కాలంలో ఈ జిల్లా రోడ్లన్నీ కళ్లాలేననీ, తప్పించుకొని పోయే దారి లేదనీ, కట్టె చుట్టుకొని పొగ వచ్చినా ఇసుకతో ఆర్పగానే బండి ఒక్క తిప్పుకు లేచిందనీ చెప్పాడు. ఒక్క అబద్ధం లేదు. ఎన్నిసార్లు పోయామో చెప్పలేదు, అంతే. కెప్టెన్ సాబు ముఖం వెలిగిపోయింది. ఏ పరీక్షా మైదానంలోనూ దొరకని పరీక్ష ఇది అన్నాడు. ఇరుసు కింద అడ్డంగా ఒక ఇనుప రేకు బిగించాలని కంపెనీకి రాస్తానన్నాడు. ఆ రేకు నా చలవే అని చాలామందికి చెప్పాను. అసలు బిగించారో లేదో నాకు తెలియదు.

వైర్‌లెస్‌లో అక్క అన్న మాట ఎప్పుడో ఆయన చెవిన పడినట్టుంది. ఆ సాయంత్రం ఆయన అడిగాడు, "మీ అక్కగారి ఊరు ఈ దారిలోనేనా?"

"ఏ అక్క, సార్?"

ఆయన నా బూటు వైపు చూశాడు. లేసుల్లో ఉలవకాయ ఒకటి ఇరుక్కొని ఉంది.

రెండు రోజుల తరువాత చివరి పరుగు. కెప్టెన్ సాబు వెనక సీట్లో కూర్చున్నాడు. మలుపు తిరిగేసరికి అక్క రోడ్డు పక్కన నిలబడి ఉంది. నేను హారను మీద చెయ్యి పెట్టాను. వెనక నుంచి ఆయనే అన్నాడు, "రోకో."

ఆగాను. వాన తడికి అక్కడ రోడ్డు ఇంకా నల్లగా ఉంది. అక్క చేతికి పసుపు గుడ్డ కట్టుకొని ఉంది. కొడవలితో తెగింది అంది. ఒక సంచి కిటికీలోంచి ఇచ్చింది. వేయించిన ఉలవలు. కెప్టెన్ సాబు గుప్పెడు నోట్లో వేసుకొని కళ్లు మూసుకున్నాడు. అంత రుచి, ఆ పొగ వాసన, ఎట్లా వేయించారో అడగమన్నాడు. అడిగాను.

"కట్టెల మీద," అంది అక్క.

"ఉలవలన్నీ ఇంటికి చేరినాయా అక్కా?"

"పోప్పా. నీ దొర కాసుకోనుండాడు."

దారి పొడవునా ఆయన నములుతూనే ఉన్నాడు. పెనుకొండ చేరేసరికి సంచి సగమైంది.

మరుసటి రోజు ధర్మవరంలో పికప్పును మళ్లీ గూడ్సు బండికి ఎక్కించాం. నేను నా యూనిట్‌కు పోయాను, నా మూడు టన్నుల లారీకి, నా పలక సీటుకు. పోయిన రెండో నెలకే నా వేళ్లు మళ్లీ మోకాలు దగ్గరికి వచ్చేశాయి. ఆ తరువాత సెలవులో వచ్చినప్పుడు అక్క కొట్టం ఖాళీగా ఉంది. ఎనుము ఏదంటే ముసలిదైపోయింది, సంతకు తోలేశామంది. ఆ మాటా నమ్మాను.

పట్టాలంలో చూసినవన్నీ ఇప్పుడు కలగాపులగంగా కలిసిపోతున్నాయి. ఏ కొండ ఎక్కడిదో, ఏ చలి ఏ ఏటిదో చెప్పలేను. ఆ ఒక్కటి మాత్రం చెదరలేదు. పెండ్లి పళ్లెమంత అద్దం. దానిలో మా అక్క. జుట్టు విడిపోయి, చేతులు పైకెత్తి, గోనె ఊపుతూ. నా బతుకులో నన్ను అట్లా సాగనంపినవాళ్లు మరొకరు లేరు.

ఇంతవరకు రాసి మొన్న అక్క దగ్గరికి పోయాను. ఆమెకు డెబ్భై దగ్గర పడ్డాయి. చదువు రాదు. అరుగు మీద కూర్చొని చేటలో కొర్రలు చెరుగుతుంటే మొత్తం చదివి వినిపించాను. మట్టిపెడ్డ దగ్గర నవ్వింది. మేరమ్మ మాట దగ్గర, "పాపం, పోయె," అంది. అద్దం దగ్గరికి వచ్చేసరికి చేట ఆగింది.

"ఏం రా, నేను సెయ్యి ఊపినానా?"

"ఊపినావు కదక్కా. నువ్వూ మేరమ్మా. గోనెలు పట్టుకొని."

"గోనె పట్టుకోని సెయ్యి ఊపుతారా ఎవురైనా? నీ బండి కిందనించి మండే కట్టె రాలె. పరిసిండేది అంటుకునె. తడిగోనెలతో మంట కొడ్తాంటిమి. నీళ్లన్నా పోస్తావని నిన్ను పిలుస్తాంటిమి, గొంతులు పోయేటట్ల. నువ్వు పాంపామని హారను కొట్టి పోతివి."

కాగితం నా చేతిలోనే ఉంది. ఎక్కడ చదువుతున్నానో కనపడలేదు. "ఎంత పోయింది?"

"సగానికి ఎక్కువే కాలె. మిగిలింది వాన ముంచె. ఆ మరుసటి నెలనే ఎనుమును తోలేసినాం. ఏం పెట్టి సాకాల?"

"నాకు ఒక్క మాట చెప్పలేదేమక్కా?"

"ఎప్పుడు సెప్పల్ల? నీ దొర యెనక కూసోని ఉలవలు మేస్తాండె. సెప్తే నీ ఉజ్జోగం ఊడపెరుకుతాడు. నువ్వు నీ నడుం పట్టుకోని నా ఇంటికే వస్తావు. నీకు యాడనించి తెచ్చి పెట్టాల?"

ఆమె చేట మళ్లీ కదిలింది. పొట్టు గాలికి ఎగిరిపోయింది. ఏదో ఒకటి మిగుల్చుకోవాలని నేను అన్నాను, "ఏమైనా గానీ అక్కా, అట్ల ఉలవలు వేయించేది నీకు తప్ప ఇంకెవురికీ రాదు. ఆయన ఆ రుచి మర్చిపోలేదు."

"నేను యాడ ఏంచినాన్రా? కాలిండేవి విత్తనానికి పనికి రావని ఊడ్సి, బూడిద సెరిగి, సంచికెత్తినా. ఏంచింది నీ బండే."